నక్షాలో లేని జాగ

దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాదు,
12 అక్టోబరు 1969, ఆదివారం.

గౌరవనీయులు బాపిరాజు గారికి,

ఇస్సాకు వందనాలు. మీ ఉత్తరం అంది నెల దాటింది. మిల్లులో లెక్కలు రాసి రాసి నా చేతికి అంకెలు వచ్చినట్టు మాటలు రావు. ఆలస్యానికి కారణం అదే, మరొకటి కాదు. ఏలూరులో మీ ఇంటి ముందు కాలువ ఉందనీ పిల్లలిద్దరూ ఈత నేర్చుకుంటున్నారనీ రాశారు. సంతోషం. ఇక్కడ సారమ్మ, పాప ఎస్తేరు బాగున్నారు. మూసిన బళ్ళు తెరిచారు. బస్సులు తిరుగుతున్నాయి. మీరు ఖాళీ చేసిన ఇంట్లోకి ఇంకా ఎవరూ కిరాయికి దిగలేదు. మిమ్మల్ని పొమ్మని దాని గోడ మీద రాసిన రాతలు వానలకు చాలావరకు వెలిసిపోయాయి.

మైదానం ఎలా ఉందని అడిగారు. దాని గురించే ఈ ఉత్తరం. అక్కడ ఒక సమాధి వచ్చింది. దాన్ని ఉంచాలా, తీయించాలా అన్నది వచ్చే నెల మొదటి ఆదివారం కాలనీ సభలో తేలుస్తారు. మీ మాట లేకుండా తేలేటట్టు లేదు. ఈ ఉత్తరాన్నీ మీ జవాబునూ సభలో చదువుతానని చెప్పాను. అందువల్ల మీకు తెలిసిన సంగతులు కూడా మొదటి నుంచి రాస్తున్నాను. విసుగు అనుకోకండి.

కొత్తపేట వైపు ఉన్న ఆ ఎకరం స్థలాన్ని తోట చెయ్యాలని మూడేళ్ళ కిందట కాలనీ సంఘం తీర్మానించింది. మీరు సర్కారు ఆఫీసులో నక్షాలు గీసే మనిషి. నేను చాదర్‌ఘాట్‌లో కట్టెకోత మిల్లు గుమాస్తాను. టేపు పట్టడం తెలుసని నన్ను మీకు జత చేశారు. మీరు గీసిన మొదటి నక్షా ఎంత బాగుండేది! నడుమ గుండ్రటి పచ్చిక, దాని మధ్య నీళ్ళు చిమ్మే తొట్టి, నాలుగు దిక్కులకూ నాలుగు తిన్నని దారులు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఇద్దరం తాడు పట్టుకుని దాన్నంతా నేల మీద సున్నంతో గీశాం.

మరుసటి వారం వెళ్ళి చూస్తే దారుల గీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి. పచ్చిక గుండ్రం మాత్రం రెండు చోట్ల తెగిపోయింది. బస్సు దిగినవాళ్ళు అడ్డంగా నడిచి ఇళ్ళకు పోతున్నారు. బావి నుంచి ఆడవాళ్ళు ఇంకో అడ్డదారిన వస్తున్నారు. మీరు నడుము మీద చేతులు పెట్టుకుని, “ఇస్సాకు గారూ, మన దారుల మీద ఒక్క మనిషి కూడా నడవలేదండీ. మన పచ్చిక మీద మాత్రం ఊరంతా నడిచింది” అని నవ్వారు. ఇంకొకరైతే ముళ్ళకంచె వేయమనేవారు. మీరు నక్షా చుట్టి సంచిలో పెట్టేశారు. ఆ తర్వాత చాలా ఆదివారాలు మనం గీసింది లేదు. ఒక మూల కూర్చుని ఎవరు ఎటు పోతున్నారో, ఎక్కడ ఆగుతున్నారో, ఎందుకు ఆగుతున్నారో చూడటమే పని. జనం మనల్ని పనిలేనివాళ్ళనుకున్నారు.

కండక్టరు గారి భార్య కౌసల్యమ్మ నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందెతో వచ్చి మైదానం మధ్యలో ఆగేది. పైది దించడానికి ఎవరైనా చెయ్యి వేస్తారేమోనని చూస్తూ నిలబడేది. అక్కడొక గట్టు కడితే ఎవరి సాయమూ లేకుండా దించుకోవచ్చని మీకు తోచింది. ఎంత ఎత్తు కట్టాలన్నది మీ పుస్తకాల్లో లేదు. ఇటుకలు పేర్చి ఆమెనే దించి చూడమన్నాం. ఆమె దించి చూసి, “నా ఎత్తుకు కడ్తిరి. మరి అండాలమ్మ ఏం జెయ్యాలె? గామె నా భుజం కాడికి రాదు” అన్నది. పాలు పోసే అండాలమ్మ అక్కడే ఉంది. “నేను పొట్టిదాన్నే, నా బర్రెలు పొడుగు. గట్టు నాకు కట్టున్రి, తొవ్వ నా బర్రెలకు ఇడువున్రి” అన్నది. గట్టును రెండు ఎత్తుల్లో కట్టించాం. బర్రెలకు పక్కగా దారి విడిచాం. ఆ మైదానంలో పూర్తయిన కట్టడం ఇప్పటికీ ఆ గట్టు ఒక్కటే.

బల్లల సంగతి మా అమ్మ మల్లమ్మ తేల్చింది. మీరు వాటిని తొట్టి చుట్టూ వేద్దామనుకున్నారు. అమ్మ వచ్చి, మీరు చూపిన చోట నేల మీద చతికిలబడి, “గీడ కూసుంటే ఏం కనవడ్తది రాజూ? నీ పూలేనా? పూలను ఎంతసేపని సూడాలె? బస్సు దిగేటోళ్ళు కనవడాలె. ఎవ్వని కోడలు ఒచ్చింది, ఎవ్వడు సంచి నింపుకొచ్చిండు, గది సూడాలె” అన్నది. మరి ఎక్కడ వెయ్యమంటారు పిన్నిగారూ అని మీరు అడిగారు. ఆమె మైదానమంతా తిరిగి ఒక్కొక్కచోట కూర్చుని లేచింది. చివరకు తూర్పు వైపు, మా ప్రార్థన పాక గోడకు వీపు ఆనించి, రోడ్డు కనబడేటట్టు కూర్చుని, ఇక్కడ వెయ్యమన్నది. అంతటితో ఆగలేదు. “కూసునుడొక్కటేనా? కూలికి పోయొచ్చినోళ్ళు జర నడుం వాల్చొద్దా?” అన్నది. మీరు వెంటనే బల్లల పొడవు ఆరడుగులకు మార్చారు. సంఘం కార్యదర్శి సీతారాములు గారు కాగితం చూసి, “తోట గీయమంటే ధర్మసత్రం గీసిన్రు గదా” అని తల పట్టుకున్నారు.

ఆ గోడ వెంబడి నాలుగు బల్లలకు సున్నంతో గీతలు గీసి, మూలల్లో ఇటుకలు పాతాం. రాయి తెప్పించే లోపల ఈ ఏడు జనవరిలో గొడవలు మొదలయ్యాయి. ఆంధ్ర ప్రాంతపు ఉద్యోగులను వెనక్కు పంపాలని ఉత్తర్వులు వచ్చి మిమ్మల్ని బదిలీ చేశారు. వెళ్ళే ముందు ఆదివారం మీరు నాతో వచ్చి ఆ గీతల మీద కొత్త సున్నం పోశారు. తర్వాత కూడా వానకో గాలికో చెరిగినప్పుడల్లా నేనే మళ్ళీ గీస్తూ వచ్చాను. ఎందుకని ఎవరూ అడగలేదు. నేను ఎవరికీ చెప్పలేదు.

జరిగిన పొరపాటు అందులోంచే వచ్చింది.

జూన్ మొదట్లో కర్ఫ్యూ పెట్టినప్పుడు నేను మిల్లులో చిక్కుకుపోయాను. ఏటి మీద వంతెన దాటనివ్వలేదు. ఆ రోజుల్లోనే ప్రార్థన పాకకు వచ్చేవాళ్ళలో ఒక ముసలామె జ్వరంతో చనిపోయింది. మావాళ్ళ సమాధుల తోట నారాయణగూడలో ఉంది. ఏరు దాటి అంత దూరం మోసుకుపోయే వీలు లేదు. ఎండలు మండిపోతున్నాయి. మా ప్రార్థన సంఘపెద్ద సుందరయ్య, తాపీ పని చేసే తీతు కూడబలుక్కున్నారు. నల్గొండ వైపు మా ఊళ్ళలో సమాధికి చోటు చూపేటప్పుడు పెద్దమనుషులు సున్నంతో గీసి నాలుగు మూలలా రాళ్ళు పెడతారు. ఇక్కడ ప్రార్థన పాక పక్కన సున్నం గీసి, మూలలకు ఇటుకలు పాతిన చోట్లు నాలుగున్నాయి. వాటిని గీసేది నేను, ఆ పాక మనిషిని. కాలనీ సంఘంలో మాకోసం అడిగి తీసుకుని ఉంటాననీ, ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు కనుక బయటికి చెప్పలేదనీ అనుకున్నారు. రోడ్డు వైపు నుంచి మూడోదాన్ని తవ్వి ఆమెను పెట్టారు.

కర్ఫ్యూ సడలించిన రోజు నేను బస్సు లేక నడిచి వచ్చాను. సుందరయ్య నన్ను అక్కడికి తీసుకుపోయి చెయ్యి పట్టుకుని, “మంచి జాగ సూపెట్టినవ్ తమ్మీ. గీ ఏరు దాటకుండ మనకంటూ ఒకటుంటది” అన్నాడు. అవి బల్లలని చెప్పాను. ఆయన నన్నూ మట్టినీ మార్చి మార్చి చూసి, “బల్లలా? మనిషి పొడుగున్నయి గదనే!” అన్నాడు. మనిషి పొడుగు ఉండాలనే కదా మనం గీసింది.

కాలనీలో గోల మొదలైంది. ఈ రోజు ఒకటి పెట్టారు, రేపు మిగతా మూడూ నింపుతారు అన్నారు. సుందరయ్యను పిలిచి అడిగితే, అడుగుతున్నది నిజమే, మావాళ్ళకు ఈ వైపు చోటు లేదు, ఇస్తే తీసుకుంటాం అని దాచకుండా చెప్పాడు. అది నిప్పులో నూనె పోసినట్టయింది. తీతు వెళ్ళి మిగతా మూడింటి గీతలూ చెరిపి, ఇటుకలు పీకేసి వచ్చాడు. అప్పటికి కొంత చల్లబడ్డారు.

సీతారాములు గారి వాదం వింటే మీకు నవ్వు వస్తుంది. ఆయన లారీల మీదనే జనం ఊరేగింపులకు పోయారు. మీ గోడ మీద రాయించింది కూడా ఆయన మనుషులే. ఆయన ఇప్పుడు మీ నక్షాను అద్దంలో బిగించి తన ఇంట్లో పెట్టుకున్నారు. మొన్న నన్ను పిలిచి, “ఇస్సాకన్నా, ఏమనుకోకు. నాకు మనసున లేదు, కాని రాజుగారి నక్షాల బొంద లేదు. నక్షాల లేంది జమీన్ల ఎట్లుంటది?” అన్నారు. పాలు పోయడానికి వచ్చిన అండాలమ్మ విని, “ఔ పటేలా, గీత గీసినాయన పోవాలె, గాయన గీసిన గీత మాత్రం ఉండాలెనా?” అని అడిగింది. ఆయన చెంబు అందుకుని లోపలికి పోయారు. మర్నాడు మళ్ళీ పిలిచి, “రాజుగారే మార్చి గీసి పంపితే నేను అడ్డం చెప్ప. తీసెయ్యమంటే తియ్యాలె. ఏదైన గాయన చేతిరాత ఉండాలె” అన్నారు. అందుకని మీకు రాస్తున్నాను.

మీరు నేర్పిన పద్ధతిలోనే ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మొదటి నెల ఆ తూర్పు వైపుకు ఎవరూ పోలేదు. పిల్లల గోటీబిళ్ళ ఆట పడమటి పల్లానికి జరిగింది. బస్సు నుంచి వచ్చే కాలిబాట సమాధికి బాగా ఎడంగా వంగిపోయింది. తర్వాత తర్వాత మళ్ళీ దగ్గరకు వచ్చింది కానీ పాతచోటికి రాలేదు. కౌసల్యమ్మ పగలు ఆ పక్క నుంచే నీళ్ళు తెస్తుంది. పొద్దు గూకితే మాత్రం రెండు బిందెలతో చుట్టుదారిన పోతుంది. మనం కట్టిన గట్టు ఆ వేళకు ఆమెకు పనికిరాకుండా పోయింది. భయం ఎందుకని నేను అడగలేదు. భయాన్ని కూడా కాళ్ళనొప్పి లాగానే లెక్కలో వేసుకోవాలని మీరే ఒకసారి అన్నారు.

ఇంకో వైపు ఇది. బర్రెలు తొక్కకుండా అండాలమ్మ ఎవరూ చెప్పకుండానే కంప తెచ్చి చుట్టూ వేసింది. తీతు ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చి అక్కడ కూర్చుంటాడు. ఆమె అతనికి చుట్టం కాదు. ఎందుకు కూర్చుంటావని అడిగితే, “మా అవ్వ అయ్య ఊళ్ళె ఉన్నరు. ఆడికి పోవాల్నంటే రెండు బస్సులు మారాలె, ఒక దినం కూలి పోవాలె. గీమె కాడ కూసుంటే జర నిమ్మలమైతది” అన్నాడు. ఊళ్ళు విడిచి వచ్చిన మరో ఇద్దరు ముగ్గురు కూడా అలాగే కూర్చోవడం చూశాను. వాళ్ళంతా మావాళ్ళే కాదు.

నిన్న బతుకమ్మ మొదటి రోజు. ఆడవాళ్ళు బతుకమ్మలతో వచ్చి మైదానం అంచున ఆగిపోయారు. బొంద కాడ ఆడతామా అని కౌసల్యమ్మ అన్నది. “బొంద ఆడుంది, మనం ఈడుందాం. ఆమె లేచొచ్చి చప్పట్లు కొడ్తదా?” అని అండాలమ్మ అందరినీ పడమటికి తీసుకుపోయింది. కానీ అటు నేల పల్లం. పిల్లల ఆట కూడా అక్కడే. వలయం ఇరుకై, ఒకరి చీర ఒకరి కాలికింద పడుతూ, పెద్దవాళ్ళు తొందరగా ఇళ్ళకు వెళ్ళిపోయారు. తిరగడానికి చదునైన నేల తూర్పునే ఉంది. చివరి రోజు బతుకమ్మకు ఇంతకు నాలుగింతల మంది వస్తారు.

మనం నడక అడిగాం, కూర్చోవడం అడిగాం, ఆట అడిగాం, బిందె దించడం అడిగాం. చావు వస్తే ఎక్కడికి పోతారని ఎవరినీ అడగలేదు. పండగ వస్తే ఎంత వలయం కావాలనీ అడగలేదు. ఎల్‌.బి.నగర్ వైపు కొత్త లేఅవుటు వేస్తున్న ఇద్దరు పోయిన వారం వచ్చి మన నక్షా నకలు చేసుకుపోయారు. ఇళ్ళు పట్టని ముక్కోణపు ముక్క ఒకటి మిగిలిందట, దానికి పార్కు అని పేరు పెట్టారు. ఇక్కడి నేలను చూడండి అంటే బస్సుకు టైమయిందన్నారు. మనం వాళ్ళకంటే కొంచెం మేలు. అయినా చాలలేదు.

ఇప్పుడు నేను అడిగేది. సమాధిని ఉంచుతూనే బతుకమ్మకు చదును, పిల్లలకు ఆట, సాయంత్రం నీళ్ళు తెచ్చేవాళ్ళకు జంకు లేని దారి, ఇవన్నీ ఆ ఎకరంలో ఇముడుతాయా? ఇమిడితే గీసి పోస్టులో పంపండి. ఇమడకపోతే అదే రాయండి. నారాయణగూడలో చోటు ఇస్తామన్నారు. తీసి అక్కడికి మార్చడానికి అనుమతి కూడా దొరుకుతుందని చెప్పారు. అప్పుడు దగ్గరుండి నేనే మార్పిస్తాను, ఎవరినీ ఏమీ అనను. తీతు కొలిచి చెప్పిన దూరాలు విడి కాగితం మీద రాసి జత చేశాను.

మిమ్మల్ని పొమ్మన్న కాలనీ కోసం మళ్ళీ పెన్సిలు పట్టమనడం న్యాయం కాదు. మీరు కాదన్నా నాకు కోపం రాదు. పిల్లలకు మా దీవెనలు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు సారమ్మ నమస్కారాలు చెప్పమన్నది.

మీతో తాడు రెండో కొస పట్టుకున్న
ఇస్సాకు

తా.క. ఇది సభలో చదవను.

ఉత్తరం ముగించి సారమ్మకు చదివి వినిపించాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది. తర్వాత, “గాయన మా అత్త చేతి అన్నం తిన్నడు. గాయనకు ఎవ్వరో ముసలామె అని రాస్తవా?” అన్నది.

అక్కడ ఉన్నది మా అమ్మ.

నేను మిల్లులో ఉన్నప్పుడే పోయింది. నేను వచ్చేసరికి మట్టి వేయడం అయిపోయింది. మీ ఉత్తరంలో ఆమె ఎలా ఉందని అడిగారు, నేను జవాబు రాయకుండా దాటేశాను. ముందే చెబితే మీరు నేలను చూడరు, ఆమెనే చూస్తారు. కౌసల్యమ్మ చుట్టుదారి, నిన్నటి ఇరుకు మీ కంట పడవు, ఉంచమని గీసి పంపేస్తారు. అలా ఉంచుకోవడం నాకు ఇష్టం లేదు. తీయించడం కూడా ఇష్టం లేదు. సీతారాములు గారు ఏమనుకోకు అన్నది ఇందుకే.

ఇంకొకటి కూడా రాయలేదు. ఎవరి కాళ్ళు ఎటు పోతున్నాయో అంతా రాశాను. సుందరయ్య చూపించిన ఆ రోజు తప్ప నేను మళ్ళీ తూర్పు వైపుకు పోలేదు. ప్రార్థనకు కూడా పాక వెనక వీధి నుంచే పోతున్నాను. బస్సు దిగి, మైదానంలో అడుగు పెట్టకుండా, వీధుల్లోంచి తిరిగి ఇంటికి పోతున్నాను. పైన చూశానన్నవన్నీ పడమటి గోడ అవతల నిలబడి చూసినవే. కొలతలు కూడా అందుకే తీతు చేత తీయించాను.

కనుక నక్షా పోస్టులో పంపకండి. సెలవు దొరికిన రోజున మీరే రండి. నాంపల్లి స్టేషనుకు నేను వస్తాను. సీతారాములు గారితో ఈ మాట భయపడుతూనే అన్నాను. ఆయన మీసం దువ్వుకుని, “రమ్మను. సామానుంటే లారీ పంపుత” అన్నారు.

వచ్చిన వెంటనే ఏమీ గీయవద్దు. ముందు నాతో ఆ తూర్పు గోడ దాకా నడవండి.

ఇ.